పేరొక్కటే చాలదు, ఏ ప్రతో కూడా చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

ఆదివారం సంచికలో చదవదగ్గ పుస్తకం, చూడదగ్గ సినిమా, వినదగ్గ పాటలు అంటూ మీరిచ్చే సిఫారసులు ఎంపికలో బాగుంటున్నాయి. పేరు, నాలుగు మెచ్చుకోలు మాటలు, పక్కన నక్షత్రాలు. కొత్తవాటికి ఇది సరిపోతుంది. చిక్కంతా పాతవాటితోనే. కొత్త సినిమాకు ఒకటే రూపం, టికెట్ కొంటే అదే చూస్తాం. డెబ్బై ఏళ్ల నాటి సినిమాకు, నూరేళ్ల కిందటి పుస్తకానికి, గ్రామఫోను కాలం పాటకు మాత్రం నాలుగైదు రూపాలు ఊళ్లో తిరుగుతుంటాయి. ఒకటి నిండుగా ఉంటుంది, ఒకటి కుంటుతుంటుంది, మరొకటి వేషం మార్చుకుని ఉంటుంది. మీరు మొదటిదాన్ని మనసులో పెట్టుకుని రాస్తారు. చదివినవాళ్లకు రెండోదో మూడోదో దొరుకుతుంది. "ఇంతేనా, దీనికా ఇంత పొగడ్త" అని పక్కన పడేస్తారు.

వేమననే తీసుకోండి. వేమన పద్యాలు చదవండి అని రాస్తే మా కడపలో అంగడికి పోయినవాళ్లకు దొరికేది బడిపిల్లల కోసం ఏరిన నూరు పద్యాల చిన్న పుస్తకం. అందులో ఉప్పూ కప్పురమూ ఉంటాయి, బుద్ధులు ఉంటాయి. కులాన్నీ, దొంగ స్వాములనీ, రాతి మొక్కుల్నీ కడిగిపారేసిన వేమన చాలావరకు ఉండడు. సి.పి.బ్రౌన్ 1829లో అచ్చువేసిన సంపుటిలో 693 పద్యాలున్నాయి, 1839 నాటి కూర్పులో 1,164. ఆ రెండో కూర్పును అనుసరించిన ముద్రణ అని ఒక్క ముక్క రాస్తే చదివేవాళ్లకు దారి తెలుస్తుంది. దానికి తోడుగా రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వేమన మీద ఇచ్చిన ఉపన్యాసాల పుస్తకం చదవమనాలి. వేమనను మహర్షిని చేసి కూచోబెట్టకుండా, పద్యం బాగున్నచోట బాగుందనీ మోటుగా ఉన్నచోట మోటనీ చెప్పిన పుస్తకం అది. ముందు రెండు మూడు వందల పద్యాలు చదివి, తర్వాత ఉపన్యాసాలు పట్టుకోవాలి. తిరగేసి చదివితే శర్మగారి అభిప్రాయమే మన అభిప్రాయమై కూర్చుంటుంది. బ్రౌన్ ఉండిన చోటే, ఎర్రముక్కపల్లెలో, ఆయన పేరిట భాషా పరిశోధన కేంద్రం, గ్రంథాలయం ఉన్నాయి. కొనే ముందు అలాంటి చోటికి పోయి రెండు ముద్రణలు పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు.

పద్యకావ్యమైతే ఇంకో తనిఖీ ఉంది, అరసున్న. కొత్త ముద్రణల్లో కొందరు అరసున్నలు తీసేస్తారు, కొందరు వాటి చోట నిండుసున్న పెట్టేస్తారు. మొదటిది కొంతవరకు ఓర్చుకోవచ్చు, రెండోది పద్యాన్ని చంపుతుంది. అరసున్నకు ముందున్న హ్రస్వాక్షరం లఘువుగానే (ఒక మాత్ర) ఉంటుంది, నిండుసున్న పెడితే గురువవుతుంది (రెండు మాత్రలు). పోతన గజేంద్రమోక్షంలో "గలఁడు గలండనెడివాఁడు గలఁడో లేఁడో" అన్న కందపద్యం నాలుగో పాదం చూడండి. ఒకే పాదంలో కలఁడు, కలండు రెండూ ఉన్నాయి. అర్థం ఒకటే, కొలత వేరు. గలఁడుగ, లండనె, డివాఁడు, గలఁడో, లేఁడో అని అయిదు గణాలు, ఒక్కోదానికి నాలుగు మాత్రలు. అచ్చువేసినవాళ్లు రెండుచోట్లా 'కలడు' అని ఒకేలా దిద్దితే రెండో గణానికి ఒక మాత్ర తగ్గుతుంది, చదువుతున్న నాలుక తడబడుతుంది. పుస్తకం అంగట్లో చేతికి రాగానే ఈ పద్యం వెతికి చూస్తే చాలు, భాగవతం ముద్రణ ఎంత శ్రద్ధగా జరిగిందో రెండు నిమిషాల్లో తేలిపోతుంది. (పోతన ఒంటిమిట్టవాడా బమ్మెరవాడా అన్న జగడంలో పెట్టే ఓపికలో పదోవంతు అచ్చుతప్పుల మీద పెట్టి ఉంటే బాగుండేది.)

సీమ కథల పుస్తకాలకు ఇంకో జబ్బు ఉంటుంది. పునర్ముద్రణలో ప్రూఫులు దిద్దేవాళ్లకు మన యాస తెలియకపోతే 'యాడికి'ని 'ఎక్కడికి' చేస్తారు, 'అట్లనే'ని 'అలాగే' చేస్తారు. పాత్ర నోట్లో మాట మారితే మనిషే మారిపోతాడు. అందుకని కథల సంపుటి గురించి రాసేటప్పుడు అది ఎన్నో ముద్రణ, రచయిత బతికుండగా చూసుకున్నదా, ఒక్కో కథ కింద మొదట అచ్చయిన ఏడాది వేశారా అన్నవి చెప్పండి. ఏడాది లేకపోతే కరువు కథ ఏ కరువు గురించో తెలియదు. బావుల్లో నీళ్లు ఇంకా ఉన్న కాలం కథ వేరు, వందల అడుగుల బోరు వేసి దుమ్ము చూసిన కాలం కథ వేరు. కేతు విశ్వనాథరెడ్డి కథల్లాంటి సంపుటిని మొదటి పేజీ నుంచి వరసగా చదవమనకుండా, ఫలానా మూడు కథలతో మొదలుపెట్టండి అంటే ఇంకా మేలు.

బైండింగ్ గురించి ఎవరూ రాయరు. మన ఎండలకు అది రాయాల్సిన సంగతే. ఈ రోజుల్లో ఎక్కువ పుస్తకాలు వేడి జిగురుతో అంటించినవి. మే నెలలో రేకుల గది వేడికి ఆ జిగురు పట్టు సడలుతుంది, మధ్యకు తెరిస్తే పుటలు ఊడి చేతికొస్తాయి. కుట్టు బైండింగ్ అయితే వెన్ను పైఅంచు నుంచి చూసినప్పుడు కాగితాలు చిన్న చిన్న కట్టలుగా, ఒక్కో కట్ట మడతతో కనిపిస్తుంది. ఆ కట్ట మధ్య పుటలో దారం కనిపిస్తుంది. మూడు వందల పుటలు దాటిన పుస్తకం కుట్టుది కాకపోతే ఆ మాట చెప్పండి. పెద్దవాళ్లు చదివేదైతే అక్షరం సైజు కూడా. పాత పుస్తకాన్ని స్కాన్ చేసి అడిగినవాళ్లకు ఒక్కో ప్రతి అచ్చువేసి పంపే పద్ధతిలో అంచుల్లోని అక్షరాలు తెగిపోతుంటాయి, ఒత్తులు మాయమవుతుంటాయి. అలాంటివి కొనే ముందు మధ్యలో ఓ యాభై పుటలు తిప్పి అంకెలు వరసగా ఉన్నాయో లేదో చూసుకోవాలి.

ఇక సినిమాలు. తాడిపత్రి కె.వి.రెడ్డి, పులివెందుల వైపు నుంచి వచ్చిన బి.ఎన్.రెడ్డి తీసిన సినిమాలు చూడమని చెప్పడం మన జిల్లాల్లో ఎవరికైనా సరదాయే. కానీ 'మాయాబజార్' చూడండి అంటే ఏది చూడాలి? 1957 నాటి నలుపు తెలుపు చిత్రమా, 2010లో రంగులద్ది విడుదల చేసిందా? రంగుల దానికి నిడివి తగ్గించారు, తెర ఆకారమూ మార్చారు. పిల్లలకు అలవాటు చేయడానికి రంగులది పనికొస్తుందని ఒప్పుకుంటాను. అయినా నా ఓటు నలుపు తెలుపుకే. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే వెలుగునీడలతో కట్టిన బొమ్మ అది, ఆ నీడలకు రంగు అవసరం లేదు.

ఆకారం సంగతి ఇంకొంచెం చెప్పాలి. ఆ కాలం సినిమా చట్రం ఇంచుమించు చదరం, ఎత్తు 1 అయితే వెడల్పు 1.37. ఇప్పటి టీవీ వెడల్పు 1.78. తెర అంతా నిండాలని పైనా కిందా కోస్తే బొమ్మలో దాదాపు నాలుగో వంతు పోతుంది. కిరీటాలూ పాదాలూ ముందు పోతాయి, నాట్యంలో పాదాలే పోతే ఇంకేం చూస్తాం? కోయకుండా సాగదీస్తే మనుషులు నూటికి ముప్పై వంతులు లావవుతారు. చంద్రుడు కోడిగుడ్డులా కనిపిస్తే సాగదీశారని గుర్తు. టీవీ సెట్టింగుల్లో బొమ్మ సైజును ఒరిజినల్ అనో 4:3 అనో పెట్టి, అటూ ఇటూ నల్ల పట్టీలు రానివ్వాలి. కదలికను నున్నగా చేసే సెట్టింగు ఏదైనా ఉంటే అదీ ఆపేయాలి. అప్‌లోడ్ చేసినవాళ్లే కోసేసి ఉంటే మాత్రం ఏ సెట్టింగూ పనిచేయదు, ఇంకో ప్రతి వెతుక్కోవాలి.

కోత పడిందో లేదో తేల్చడానికి ఒక లెక్క ఉంది. సినిమా మొదట్లో సెన్సారు సర్టిఫికెట్ చూపిస్తే అందులో నిడివి అడుగుల్లోనో మీటర్లలోనో ఉంటుంది. 35 ఎం.ఎం. ఫిల్ము నిమిషానికి 90 అడుగులు నడుస్తుంది, మీటర్లలో అయితే 27.4. 16,000 అడుగుల సినిమా అంటే సుమారు 178 నిమిషాలు. మీ చేతిలోది 150 నిమిషాలుంటే మూడు రీళ్ల దాకా ఎగిరిపోయినట్టే. పోయేవి సాధారణంగా పద్యాలు, హాస్యం, పాటల్లో చివరి చరణాలు. అయితే ఏడెనిమిది నిమిషాల తేడాకే కోత అని తీర్పు చెప్పకూడదు. సెకనుకు 24 చట్రాల ఫిల్మును టీవీ కోసం 25గా నడిపించిన ప్రతులు చాలా ఉన్నాయి. మూడు గంటల సినిమా దాంట్లో ఏడు నిమిషాల పైచిలుకు తగ్గుతుంది, ఏ దృశ్యమూ పోదు. పోయేది శ్రుతి. ఒకటి శ్రుతిలో పాడిన పాట దాని పై మెట్టయిన ఒకటిన్నరకు బాగా దగ్గరికి వస్తుంది. ఘంటసాల గొంతు కొంచెం పలచనై, తొందరపడుతున్నట్టు వినిపిస్తే అనుమానించాలి. శ్రుతిపెట్టె పక్కన పెట్టుకుంటే, సినిమాలో పాటా రికార్డులో పాటా ఒకే శ్రుతిలో ఉన్నాయో లేదో తెలిసిపోతుంది. రికార్డు కూడా గంగిగోవేం కాదనుకోండి. 78 వేగం రికార్డు ఒక పక్కన మూడు నిమిషాల పైన కొంచెమే పడుతుంది. సినిమాలో అయిదు నిమిషాల పాట రికార్డు మీద రెండు పక్కలా అయినా పరచాలి, కత్తిరించైనా పెట్టాలి.

1951 నాటి 'మల్లీశ్వరి' గురించి మీరు రాసేటట్టయితే పాటలు విడిగా వినమని మాత్రం రాయకండి. కృష్ణశాస్త్రి మాట, రాజేశ్వరరావు బాణీ, భానుమతి స్వయంగా పాడుకోవడం విడివిడిగా కూడా గొప్పవే. కానీ ముందున్న మాటల్లోంచి పాట మెల్లగా లేవడం, అయిపోయాక మళ్లీ మాటల్లోకి దిగడం ఆ సినిమా పనితనం. పాటల ముక్కలుగా పెట్టినవాళ్లు సరిగ్గా ఆ అతుకుల దగ్గరే కోస్తారు.

అన్నమయ్య సంకీర్తనల ఆల్బములకు ఇంకో రకం వివరం కావాలి. తాళ్లపాకవారి రాగిరేకుల మీద పాటకు రాగం పేరుంది, స్వరం లేదు. ఇప్పుడు మనం వింటున్న బాణీలు చాలావరకు ఇరవయ్యో శతాబ్దంలో రాళ్లపల్లి, నేదునూరి, బాలకృష్ణప్రసాద్ వంటివాళ్లు కట్టినవి. అనంతపురం జిల్లా రాళ్లపల్లి గ్రామంలో పుట్టిన శర్మగారే ఇక్కడ మళ్లీ ఎదురవుతారు. వేమనను తూచిన చెయ్యే అన్నమయ్యకు శ్రుతి చేసింది. కాబట్టి ఆల్బం మెచ్చుకునేటప్పుడు పాడినవాళ్ల పేరుతో పాటు బాణీ ఎవరిదో రాయాలి. రేకు మీది రాగంలోనే పాడారా, మార్చారా అన్నదీ రాయాలి. మార్చడం తప్పని అనను, మార్చారన్నది తెలియాలి. ఇంకా ముఖ్యం, చరణాలు ఎన్ని పాడారు. సాధారణంగా సంకీర్తనకు మూడు చరణాలు, వేంకటేశుని ముద్ర చివరిదాంట్లో వస్తుంది. మొదటి చరణంతో ఆపేసిన ఆల్బములో ప్రశ్న ఉంటుంది, జవాబుండదు. పాత రికార్డింగు కింద కొత్త డ్రమ్ములు కలిపినవీ, లేని ప్రతిధ్వని అద్దినవీ ఉంటాయి. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని గొంతు ఆగినచోట వినండి. గొంతు ఆగినా గది మోగుతూనే ఉంటే ఆ మోత తర్వాత కలిపిందేమోనని అనుమానించాలి.

ఇవన్నీ ప్రతివారం పేరాలు పేరాలుగా రాయమని అడగడం లేదు. సిఫారసు కింద చిన్న అక్షరాల్లో రెండు వరుసలు చాలు. పుస్తకానికి ఎన్నో ముద్రణ, ఏ ఏడాది, పుటలు, కుట్టా జిగురా. సినిమాకు నిమిషాలు, చట్రం ఆకారం, రంగు అద్దిందా కాదా. పాటలకు బాణీ ఎవరిది, చరణాలు ఎన్ని, ఏ ఏటి రికార్డింగు. జాగా లేదంటారేమో. నక్షత్రాలు తీసేయండి, సరిగ్గా ఆ రెండు వరుసలకు సరిపోతుంది.

ఇట్లు,
ఒక పాఠకుడు,
ఎర్రముక్కపల్లె, కడప