వీధికుక్కల కోసం బీచ్ రోడ్డు నడక: అందరికీ కృతజ్ఞతలు

ఆదివారం తెల్లవారుజామున విశాఖ బీచ్ రోడ్డులో కోస్టల్ బ్యాటరీ నుంచి వీఎంఆర్‌డీఏ పార్కు దాకా నడిచినవాళ్లందరికీ, కిలోమీటరుకి ఇంత అని వాళ్లకి చందా రాసినవాళ్లకీ, నడవకుండా వెనక నుంచి పని మోసినవాళ్లకీ నిండు మనసుతో కృతజ్ఞతలు. వీధికుక్కల కుటుంబ నియంత్రణ (కు.ని.) ఆపరేషన్లకీ, రేబిస్ టీకాలకీ మీరు పోగుచేసిన డబ్బు ఆ పని చేస్తున్న సంస్థ ఖాతాకి చేరింది. చందా ఇచ్చినవాళ్లలో చాలామంది పేరు వేయొద్దన్నారు. కాబట్టి పేర్లు లేకుండానే ఎలాంటి సాయం వల్ల ఏ పని నిలబడిందో చెబుతాం. కాకినాడలోనో వరంగల్‌లోనో ఇలాంటి నడక పెట్టాలనుకునేవాళ్లకీ ఇది పనికొస్తుంది.

ముందుగా దండం పెట్టాల్సింది నడక రోజుకి ముందే చందా వసూలు చేసి తెచ్చినవాళ్లకి. ఇలాంటి కార్యక్రమాల్లో డబ్బు జారిపోయేది ఇక్కడే. కిలోమీటరుకి వంద అని రాసినవాళ్లు మనస్ఫూర్తిగానే రాస్తారు. నడక అయిపోయిన వారానికి ఆ ఊపు ఉండదు, మళ్లీ అడగడానికి నడిచినవాళ్లకి మొహమాటం అడ్డొస్తుంది, ఆ మొత్తం కాగితం మీదే ఉండిపోతుంది. అందుకని పూర్తి దూరానికి లెక్కగట్టి రాసిన రోజే తీసుకోమన్నాం. మీరంతా అలాగే చేశారు. చందా కాగితంలో పేరు, ఫోను, కిలోమీటరుకి ఎంత, మొత్తం, ఎలా చెల్లించారు, సంతకం అనే గడులు నింపి ఇవ్వడం వల్ల లెక్కలో తికమక రాలేదు. పెద్ద మొత్తం ఇచ్చే ఒక్క దాత కోసం తిరగడం కంటే, ఒక్కొక్కరూ పదేసి మందిని తలా రెండు మూడొందలు అడగడం మేలని మా నమ్మకం. ఆ పదిమందీ తమ వీధిలో, ఆపరేషన్ అయిందన్న గుర్తుగా చెవి కత్తిరించిన కుక్క కనిపిస్తే ఇక గుర్తుపడతారు.

బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరైన మన పెద్దలు రోజూ సాయంత్రం కూర్చుని యూపీఐ జమలని చందా కాగితాలతో సరిచూశారు. వాళ్ల శ్రమ ఎవరికీ కనబడదు, అందుకే విడిగా చెబుతున్నాం. క్యూఆర్ కోడ్ సంస్థ ఖాతాదే అయి ఉండాలి, ఎవరి సొంత నంబరుకీ డబ్బు రాకూడదు. డబ్బు పంపేటప్పుడు నోట్‌లో నడిచేవారి వరుస నంబరు రాయాలి. రాయకపోతే డబ్బు వస్తుంది గానీ ఎవరి తరఫున వచ్చిందో తెలియదు, రశీదు ఆగిపోతుంది. విరాళం మీద ఆదాయపు పన్ను మినహాయింపు (80జి) కావాలన్నవాళ్ల దగ్గర పాన్ నంబరు అప్పుడే తీసుకున్నాం. 2,000 రూపాయలు దాటిన నగదు విరాళానికి ఆ మినహాయింపు రాదు కాబట్టి, అంతకు మించి ఇవ్వాలనుకున్నవాళ్లు బ్యాంకు ద్వారా పంపడం మంచిదైంది.

డాలస్, న్యూజెర్సీల నుంచి ఉత్సాహంగా ముందుకొచ్చిన మన విశాఖవాళ్లకి ప్రత్యేక ధన్యవాదాలు. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు తమ సొంత సంపాదన మామూలు బ్యాంకు మార్గంలో పంపితే అది విదేశీ విరాళం కింద రాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లు, భారత సంతతి విదేశీ పౌరులకిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, పంపేది విదేశీ విరాళమే. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద నమోదు గానీ ముందస్తు అనుమతి గానీ లేని సంస్థ దాన్ని తీసుకోకూడదు. ఆ కారణంగా కొందరి డబ్బు వద్దనాల్సి వచ్చింది. వాళ్లు ఏమీ అనుకోకుండా ఇక్కడి స్నేహితులకి ఫోన్లు చేసి నడకకి పంపారు, లెక్కల పట్టిక తయారుచేసి పెట్టారు. ఆ సాయం డబ్బుకి తక్కువేం కాదు.

టీషర్టులు వద్దన్న మా మాట మన్నించినందుకు కూడా సంతోషం. మామూలుగా ఇలాంటి నడకలకొచ్చిన చందాలో పెద్ద ముక్క టీషర్టులకీ ఫ్లెక్సీలకీ పోతుంది. గుడ్డ మీద నంబరు రాసి పిన్నీసుతో పెట్టుకుంటే సరిపోయింది. ఫ్లెక్సీ బదులు 20 లీటర్ల నీళ్ల క్యాన్లు, స్టీలు గ్లాసులు, మజ్జిగ ఇచ్చిన దుకాణాలవాళ్లు అసలైన సాయం చేశారు. ఓఆర్‌ఎస్ కలిపిన పిల్లలు లీటరు నీళ్లకి ఒక పొట్లం అన్న కొలత తప్పలేదు. చిక్కగా కలిపితే దాహం తీరకపోగా కడుపులో తిప్పుతుంది.

ట్రాఫిక్ పోలీసులకీ, నగరపాలక సంస్థ (జీవీఎంసీ) పారిశుద్ధ్య సిబ్బందికీ నమస్కారాలు. బీచ్ రోడ్డు మీద వాహనాలు ఆపే వేళలోనే నడక ముగియడం వాళ్ల చలవే. ఎండ ముదరక ముందే ముగించడం, కొందరు వెంట తెచ్చిన పెంపుడు కుక్కలకి ఇంకా ముఖ్యం. కుక్కకి ఒళ్లు చల్లబడేది ప్రధానంగా రొప్పడం వల్లే. సముద్రపు గాలిలో తేమ ఎక్కువైతే నోటి తడి ఆరదు, ఒంట్లో వేడి బయటికి పోదు. పగ్, బుల్‌డాగ్ లాంటి చప్పిడి ముక్కు జాతులకి ఇది ప్రాణం మీదికి వస్తుంది. వాటిని ఇంట్లో వదిలి వచ్చిన యజమానులకి మా మెప్పు. మిగతావాళ్లు తారు మీద అరచేతి వెనక భాగం ఏడు సెకన్లు ఆనించి చూసి కుక్కని దింపారు, టీకా కార్డు తెచ్చారు, సాగే తాడు కాకుండా పొట్టి తాడు పట్టుకున్నారు, ఎదకొచ్చిన ఆడకుక్కని తీసుకురాలేదు. ఈ చివరిది మరిస్తే దారి పొడవునా మగకుక్కలు వెంటపడతాయి.

బీచ్ దగ్గర రోజూ కుక్కలకి అన్నం పెట్టే అక్కలకీ అన్నలకీ ఎంత చెప్పినా తక్కువే. కొత్త కుక్కలు తమ హద్దులోకి గుంపుగా వస్తుంటే వీధికుక్కలు ఊరుకోవు. నడక మొదలవడానికి గంట ముందు, దారికి దూరంగా లోపలి సందుల్లో మీరు కడుపునిండా పెట్టబట్టి అవి అక్కడే పడుకున్నాయి.

ఇక డబ్బు సంగతి. అంతా ఒకే వార్డులో ఖర్చు పెడతామంటే ఒప్పుకున్న దాతలకి మేము రుణపడి ఉన్నాం. మా వీధిలో రెండు, వాళ్ల వీధిలో మూడు అని ఊరంతా చల్లితే ఫలితం కనబడదు. ఆపరేషన్ కాని ఆడకుక్క ఒక్కటి మిగిలినా ఆ సందు మళ్లీ పిల్లలతో నిండుతుంది. రేబిస్ వ్యాప్తి గొలుసు తెగాలన్నా ఒక ప్రాంతంలో కనీసం 70 శాతం కుక్కలకి టీకా పడాలి. తన వీధి ఈసారి జాబితాలో లేకపోయినా చందా వెనక్కి అడగనివాళ్ల వల్లే ఈ పద్ధతి సాధ్యమైంది.

ఆపరేషన్‌కి ముందు రోజు రాత్రి నుంచి కుక్కకి తిండి ఆపాలి, లేకపోతే మత్తులో వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పాలిచ్చే తల్లిని పట్టకూడదు. ఆపరేషన్ అయ్యాక కనీసం నాలుగు రోజులు పొడిగా ఉన్న గదిలో ఉంచాలి. ఖర్చు తగ్గుతుందని ముందే వదిలితే కుట్లు విడిపోతాయి, వానాకాలంలో పుండుకి పురుగు పడుతుంది. మీ డబ్బులో ఎక్కువ భాగం ఈ నాలుగు రోజుల గదికీ, తిండికీ, కాపలాకీ వెళ్లింది. పేరొచ్చే ఖర్చు కాదు గానీ కుక్క బతికేది దాని వల్లే. పది మిల్లీలీటర్ల టీకా సీసా పది కుక్కలకి వస్తుంది, తెరిచాక ఆ పూటే వాడేయాలి. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, ఐసు ముక్కకి నేరుగా ఆనితే గడ్డకట్టి చెడిపోతుంది. మధ్యలో గుడ్డ పెట్టాలన్నది గుర్తుంచుకుని పెట్టెలు సర్దినవాళ్లకీ ధన్యవాదాలు. కొంత మొత్తం, జతకట్టినప్పుడు ఒకదాన్నుంచి ఒకదానికి అంటుకునే సుఖరోగపు క్యాన్సర్ గడ్డలున్న కుక్కల విన్‌క్రిస్టిన్ ఇంజక్షన్లకి కేటాయించాం. వారానికొకటి చొప్పున నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, మధ్యలో ఆపితే గడ్డ మళ్లీ పెరుగుతుంది. కాబట్టి పూర్తి కోర్సుకి డబ్బు పక్కన పెట్టాకే మొదటి సూది.

కుక్కలని పట్టే సిబ్బంది గురించి చెప్పకపోతే ఈ కృతజ్ఞత నిండదు. ఏ కుక్కని ఏ సందులో, ఏ స్తంభం దగ్గర పట్టారో ఫొటోతో సహా రాసుకుని మళ్లీ అక్కడే దింపుతున్నారు. 2023 జంతు సంతాన నియంత్రణ (ఏబీసీ) నియమాలు చెప్పేది కూడా అదే. రెండు వీధులు అవతల వదిలినా అక్కడి గుంపు తరుముతుంది, పచ్చి కుట్లతో పరిగెత్తి లారీ కింద పడుతుంది. రేబిస్ రాకుండా వాళ్లు కూడా ముందస్తు టీకాలు వేయించుకోవాలి. ఆ ఖర్చు మీ చందాలోంచే పెట్టాం, ఎవరూ కాదనరని తెలుసు.

చందా పుస్తకం ఇంకా ఎవరి దగ్గరైనా ఉంటే, ఖాళీదైనా సరే, దయచేసి తిరిగి ఇవ్వండి. వరుస నంబర్లన్నీ చేతికొస్తేనే ఆడిటర్ పద్దు మూసేస్తారు. రశీదు అందనివాళ్లు చెల్లించిన తేదీ, యూపీఐ లావాదేవీ నంబరు పంపితే చాలు. బిల్లులన్నీ ఒక ఫైల్లో ఉన్నాయి, చందా ఇచ్చిన ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు.