పొల్యూషన్ తనిఖీ కాంట్రాక్టు ఎవరికివ్వాలి?

వాహనాల పొల్యూషన్ తనిఖీని ఎవరికి అప్పగించాలో నిర్ణయించే పద్ధతి వెంటనే మారాలి. మొన్న ఒక పెట్రోల్ బంకు పక్కన నిలిపిన తనిఖీ వ్యాన్ దగ్గర స్కూటర్ ఆపాను. కుర్రాడు నంబర్ ప్లేటు ఫోటో తీశాడు, డబ్బు తీసుకున్నాడు, కాగితం చేతిలో పెట్టాడు. సైలెన్సర్‌లో పెట్టాల్సిన గొట్టం చుట్ట చుట్టి సీటు కిందే ఉంది, దాని మీద దుమ్ము కూడా చెదరలేదు. నా వెనకాలే నల్లటి పొగ కక్కుతూ వచ్చిన ట్రాలీ ఆటోకూ అదే కాగితం దక్కింది. ఇది ఒక్కచోటి సంగతి కాదు. ఢిల్లీలో కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు పరిమితి దాటినా 1.08 లక్షలకు పైగా వాహనాలకు సర్టిఫికెట్లు ఇచ్చేశారని 2025లో ప్రభుత్వ లెక్కలను తనిఖీ చేసే సంస్థ కాగ్ నివేదిక బయటపెట్టింది. బండిని ఫెయిల్ చేస్తే గిరాకీ పక్క వ్యాన్‌కు పోతుందన్న భయం ఉన్నవాడు నిజం ఎలా రాస్తాడు? యంత్రం ఉందా, ఫీజు కట్టాడా అని చూసి అనుమతిస్తే చాలదు. టెండర్ పిలిచి, తక్కువ ధరకన్నా యంత్రాల కాలిబ్రేషన్ (కొలత సరిగ్గా ఉందో సరిచూడటం) రికార్డుకు, సిబ్బంది శిక్షణకు, పాత ఫిర్యాదులకు ఎక్కువ మార్కులు వేయాలి. ఫిట్‌నెస్ పరీక్షలు చేసే ఆటోమేటెడ్ స్టేషన్లు రిపేర్లు, విడిభాగాల అమ్మకం చేయకూడదన్న కేంద్ర నిబంధనను ఇక్కడా పెట్టాలి. పాసైనా ఫెయిలైనా కాంట్రాక్టరుకు ఒకే సొమ్ము ముట్టాలి, అదీ రవాణా శాఖ ద్వారానే. గొట్టం పెట్టిన వీడియో లేని సర్టిఫికెట్ చెల్లదని టెండర్ షరతుల్లోనే రాయాలి.