ఎండోస్కోపీకి అందని రక్తస్రావం

సంపాదకుడు గారికి నమస్కారం.

మాది దేవరకొండ దగ్గరి పల్లె. బత్తాయి తోట చూసుకునే మా తమ్ముడికి రెండేళ్లపాటు తారులాంటి నల్లటి విరేచనాలు అవుతూ, తగ్గుతూ వచ్చాయి. హిమోగ్లోబిన్ 5 గ్రాములకు పడిపోవడం, రక్తం ఎక్కించడం, ఎండోస్కోపీలో పుండు కనిపించకపోయినా గ్యాస్ మాత్రలు రాసి ఇంటికి పంపడం మూడుసార్లు జరిగింది. చివరకు హైదరాబాద్‌లో కాంట్రాస్ట్ సీటీ (రక్తనాళాలు స్పష్టంగా కనిపించేలా మందు ఎక్కించి తీసే స్కాన్) తీస్తే క్లోమగ్రంథి (పాంక్రియాస్) తోక భాగంలో రక్తనాళాల చిక్కుముడి బయటపడింది. డాక్టర్లు దీన్ని ఏవీఎం (ఆర్టీరియోవీనస్ మాల్ఫార్మేషన్) అంటారు. ధమనికీ సిరకూ నడుమ ఉండాల్సిన సన్నటి కేశనాళికలు లేక, ధమనిలోని రక్తం అదే ఒత్తిడితో నేరుగా సిరలోకి దూకుతుంది. చాలామందిలో ఇది పుట్టుకతో వచ్చేదే. ఆ రక్తం ఒక్కోసారి క్లోమనాళం గుండా చిన్నపేగులోకి దిగుతుంది కాబట్టి, రక్తం కారని సమయంలో చేసే ఎండోస్కోపీలో ఏమీ కనిపించకపోవచ్చు.

సర్జన్ గారు ఆ ఫిల్మును వెలుతురుకు ఎత్తి చూపించారు. ధమనుల్లోకి మందు చేరిన తొలి క్షణాల్లోనే, ఇంకా నల్లగా ఉండాల్సిన పోర్టల్ సిర (పేగుల నుంచి రక్తాన్ని కాలేయానికి చేర్చే సిర) తెల్లగా మెరుస్తోంది. ఆ క్షణాల్లో తీయని సీటీలో ఇది దొరకదు. ఈ చిక్కుముడిని గడ్డ అనుకుని సూది గుచ్చి ముక్క తీస్తే ప్రాణాపాయం.

కాయిల్‌తో (రక్తనాళంలోకి పంపే సన్నటి లోహపు తీగచుట్టతో) ఒక ధమనిని మూసినా పక్క ధమనులు మళ్లీ రక్తం అందిస్తాయి కనుక, తట్టుకోగల రోగికి ఆ భాగాన్ని కోసి తీసేయడమే నమ్మకమైన చికిత్స అని చెప్పి, క్లోమం తోకను ప్లీహంతో సహా తొలగించారు. అదే క్లోమం తల భాగంలో ఉంటే ఆంత్రమూలాన్నీ (చిన్నపేగు మొదటి భాగాన్నీ) తీసే విపుల్ ఆపరేషన్ కావాలి. ఆలస్యమై పోర్టల్ సిరలో ఒత్తిడి పెరిగితే ఏ కోతైనా ప్రమాదమే. మా రెండేళ్లు ఆ ఆలస్యానికే పోయాయి.

ఆరోగ్యశ్రీ 2007లో మొదలైన మూడు జిల్లాల్లో మన మహబూబ్‌నగర్ ఒకటి. 2023 డిసెంబరులో దాని పరిమితి 10 లక్షల రూపాయలకు పెరిగింది, సంతోషం. కానీ రోగమేదో తేలనంత కాలం ఆ కార్డు ఏ ఆపరేషన్‌కూ పనికిరాదు. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. వాటి బోధనాసుపత్రుల్లో, ఎండోస్కోపీలో కారణం తేలకుండా రెండోసారి రక్తస్రావంతో వచ్చిన ప్రతి రోగికీ, ఎక్కించే మందును మూత్రపిండాలు తట్టుకుంటాయో లేదో పరీక్షలో చూసుకుని, ధమని దశతో (మందు ధమనుల్లోకి చేరిన తొలి క్షణాల చిత్రాలతో) కూడిన కాంట్రాస్ట్ సీటీ తీయాలి. ఆ చిత్రాలను నిమ్స్, ఉస్మానియా గ్యాస్ట్రో సర్జన్లకు ఆన్‌లైన్‌లో పంపి అభిప్రాయం తీసుకున్నాకే రోగిని ఇంటికి పంపాలో, హైదరాబాద్‌కు పంపాలో తేల్చాలి. ఈ మేరకు వైద్య విద్యా సంచాలకులు లిఖితపూర్వక ఆదేశం ఇవ్వాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, దేవరకొండ, నల్లగొండ జిల్లా