మండువాలో వాన పడే ఊరు

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం అంది పదిహేను రోజులైంది. జవాబు ఆలస్యమైనందుకు ఏమీ అనుకోకు. నువ్వు అడిగిన ప్రశ్నకు రెండు ముక్కల్లో సమాధానం రాయడానికి మనసొప్పక, తీరిక చిక్కేదాకా ఆగాను. ఖిలా వరంగల్ కోట లోపల ఇళ్లు కట్టుకుని బతుకుతున్న జనం సంగతి రాస్తూ, "కోట బాగుపడాలంటే వీళ్లను బయటికి పంపక తప్పదేమో, నువ్వు చైనాలో చూసి వచ్చిన ఆ గోడల ఊళ్లో ఏం చేశారు?" అని అడిగావు. నేను పింగ్‌యావ్‌లో గడిపింది తొమ్మిది రోజులే అయినా, వచ్చినప్పటి నుంచీ ఆ ఊరు నన్ను వదలడం లేదు. అందుకే ఉన్నదంతా నీ ముందు పెడుతున్నాను, ఓపిగ్గా చదువు.

పింగ్‌యావ్ ఉత్తర చైనాలోని షాన్షీ ప్రావిన్సులో, రాజధాని తైయువాన్‌కు దక్షిణాన ఉంటుంది. 2014లో హైస్పీడు రైలు వచ్చాక అక్కడికి వెళ్లడం చాలా సులువైంది. ఇప్పుడు కనిపించే కోటగోడను మింగ్ వంశపు తొలి చక్రవర్తి కాలంలో, 1370లో, పాత గోడను పెంచి కట్టారు. చుట్టుకొలత సుమారు 6 కిలోమీటర్లు, ఎత్తు 12 మీటర్ల దాకా ఉంటుంది. గోడ మీద 72 బురుజులూ 3,000 కోటకొమ్ములూ ఉన్నాయనీ, అవి కన్ఫ్యూషియస్ ముఖ్య శిష్యుల సంఖ్యకూ, మొత్తం శిష్యుల సంఖ్యకూ గుర్తులనీ ఊరివాళ్లు చెప్తారు. ఆరు ద్వారాలున్న ఆ ఊరిని వాళ్లు తాబేలుగా భావిస్తారు: దక్షిణ ద్వారం తల, ఉత్తర ద్వారం తోక, తూర్పు పడమరల్లో రెండేసి ద్వారాలు నాలుగు కాళ్లు. తాబేలు ఊరు విడిచి పాకిపోకుండా దాని వెనక కాలిని దూరాన ఉన్న ఒక గోపురానికి కట్టేశారన్న కథ కూడా ఉంది. దక్షిణ ద్వారం కింద పరిచిన రాళ్ల మీద వందల ఏళ్లుగా నడిచిన బండి చక్రాలు కోసిన గాడులు ఇప్పటికీ ఉన్నాయి. నేను కూర్చుని వేలు పెట్టి చూశాను. చూపుడువేలు రెండు కణుపుల వరకూ దిగింది. ఆ గాడిలో పడి నడిచిన బండ్లలో ఏమేం వెళ్లాయో తెలిస్తేనే ఆ ఊరు ఎందుకు అంత గొప్పగా కట్టుకున్నారో అర్థమవుతుంది.

ఆ బండ్లలో వెళ్లింది వెండి. షాన్షీ వర్తకులు చైనా అంతటా వ్యాపారం చేసేవాళ్లు. సంపాదించిన వెండిని దొంగల భయం ఉన్న దారుల్లో, కత్తిసాములో ఆరితేరిన కాపలాదారులను పెట్టుకుని ఇంటికి తెచ్చుకోవలసి వచ్చేది. రంగుల వ్యాపారం చేసే ఒక పింగ్‌యావ్ సంస్థ ఈ బాధకు విరుగుడు కనిపెట్టింది. బీజింగ్ దుకాణంలో వెండి కట్టి, కాగితం రాయించుకుని, ఆ కాగితం చూపించి పింగ్‌యావ్‌లో వెండి తీసుకోవచ్చు. మన పాతకాలపు వర్తకులు డబ్బు పంపుకోవడానికి రాసుకున్న హుండీ కాగితాల పద్ధతికి ఇది దగ్గర చుట్టమే. అలా 1823లో పుట్టిన రిషెంగ్‌చాంగ్ సంస్థ చైనాలో మొదటి హుండీ కొట్టు. దాన్ని చూసి 20కి పైగా కొట్లు అదే ఊళ్లో వెలిశాయి. ఆ కాగితం మీద నెలనూ, తేదీనీ, మొత్తాన్నీ అంకెల్లో రాయకుండా కొన్ని అక్షరాల్లో గుప్తంగా రాసేవారు. ఆ అక్షరాలు వరసగా చదివితే నీతిపద్యంలా ఉండేవి. ఎప్పటికప్పుడు పాతవి తీసేసి కొత్తవి పెట్టేవారు. ఈ సంపదతోనే ఊళ్లో అన్ని వేల లోగిళ్లు లేచాయి. ఆపైన 1911లో రాజరికం కూలి, కొత్త రకం బ్యాంకులు వచ్చి, ఆ కొట్లన్నీ మూతపడ్డాయి. ఊరు పేదదైపోయింది. పాతది పడగొట్టి కొత్తది కట్టుకునే డబ్బు ఎవరి దగ్గరా లేకపోవడం వల్లే ఆ ఇళ్లన్నీ నిలిచాయి.

ఆ పేదరికం తీరే రోజులు రాగానే పెద్ద గండం వచ్చింది. 1980 ప్రాంతంలో చుట్టుపక్కల ఊళ్లు పాత గోడలు కూల్చి వెడల్పాటి రోడ్లు వేసుకుంటూ ఉంటే, పింగ్‌యావ్‌లోనూ ఊరి నడుమ నుంచి రోడ్డు కొట్టడం మొదలుపెట్టారు. కొన్ని పాత లోగిళ్లు నేలమట్టం కూడా అయ్యాయి. షాంఘైలోని తోంగ్‌జీ విశ్వవిద్యాలయంలో నగర ప్రణాళిక బోధించే రువాన్ ఈసాన్ ఆ కూల్చివేతను ఆపించాడు. 1981లో విద్యార్థులను వెంటబెట్టుకుని వచ్చి, లోగిలి లోగిలీ కొలిచి పటాలు గీయించి, కొత్త ఊరు గోడకు బయట పెరగాలి, పాత ఊరు ఉన్నదున్నట్టు ఉండాలి అన్న ప్రణాళిక తయారుచేసి, బీజింగ్‌లోని పెద్దల మద్దతు కూడగట్టాడు. కోపంతో ధర్నా చేసి ఊరుకోలేదు, కూల్చకుండా బతికే దారి గీసి చూపించాడు. అందుకే నాకు ఆయనంటే అంత గౌరవం. 1997లో యునెస్కో పింగ్‌యావ్‌ను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చిందంటే దాని వెనక ఆ వేసవిలో కుర్రవాళ్లు గీసిన గీతలున్నాయి.

ఇక అసలు విషయానికి వస్తున్నాను. పేరు వచ్చాక జనం పోటెత్తారు. ప్రభుత్వ కార్యాలయాలనూ, బళ్లనూ, ఆసుపత్రులనూ గోడ బయటి కొత్త ఊరికి తరలించారు. ఒకప్పుడు గోడల లోపల 40 వేలకు పైగా ఉన్న జనాభా తగ్గుతూ వచ్చింది. చాలా ఇరుకుగా ఉన్న లోగిళ్లకు కొంత ఊపిరి తగిలిన మాట నిజమే. ఒకే లోగిలిలో ఐదారు కుటుంబాలు సర్దుకున్న రోజులను ఆ ఊరి పెద్దలు ఇష్టంగా తలుచుకోరు. అయితే బడి వెళ్లిపోతే పిల్లలున్న కుటుంబాలు వెళ్లిపోతాయి. పిల్లలు లేని వీధిలో చిల్లర కొట్టు నడవదు. కొట్టు లేని వీధిలో ముసలివాళ్లు ఎన్నాళ్లు ఉంటారు? దక్షిణ వీధిలోనూ, పడమటి వీధిలోనూ పగలంతా అడుగు తీసి అడుగు వేయలేనంత సందడి. ప్రతి కొట్లోనూ అవే వెనిగర్ సీసాలు, అదే ఉప్పువేసిన గొడ్డుమాంసం పొట్లాలు, అవే ఎర్ర దీపాలు. అక్కడి నుంచి రెండు సందులు లోపలికి వెళ్తే తాళాలు పడ్డ తలుపులూ, మిద్దె కుంగిన ఇళ్లూ కనిపిస్తాయి. ఊరికి వచ్చే డబ్బంతా రెండు వీధుల్లోనే ఆగిపోతోందని చెప్పడానికి లెక్కలు అక్కర్లేదు, ఆ సందుల్లో అరగంట నడిస్తే చాలు. పింగ్‌యావ్‌తో పాటు అదే ఏడాది యునెస్కో జాబితాకెక్కిన లిజియాంగ్ పాత ఊళ్లో ఇది ఇంకా దూరం వెళ్లింది. అక్కడ తరతరాలుగా ఉన్న నాషీ ప్రజలు చాలామంది ఇళ్లు బయటివాళ్లకు అద్దెకిచ్చి ఊరవతలికి వెళ్లిపోయారు. ఇళ్లు నిలిచాయి కానీ ఇళ్లవాళ్లు లేరు. దాన్ని కాపాడుకోవడం అనడానికి నాకు నోరు రావడం లేదు.

నేను దిగిన ఇల్లు పెద్ద వీధికి దూరంగా ఉంది. డెబ్బై దాటిన ఒక అవ్వ, ఆమె కోడలు కలిసి లోగిలిలో నాలుగు గదులు అద్దెకిస్తూ, మిగతా భాగంలో తామే ఉంటున్నారు. నాతో వచ్చిన చైనా మిత్రుడు మా మధ్య మాటలు మోశాడు. మూడో రోజు సాయంత్రం వాన పట్టుకుంది. ఆ ఇళ్ల పక్కగదుల పైకప్పులు ఒకే వాలుగా లోపలి ముంగిలి వైపుకు వంగి ఉంటాయి. వీధి వైపు కిటికీలు లేని ఎత్తైన గోడే ఉంటుంది, అటు చుక్క నీరు పడదు, వానంతా నడిమి ముంగిట్లోకే దిగుతుంది. మీ అమ్మమ్మగారి మండువా లోగిలిలో వాన చూస్తూ మనం చూరు కింద కూర్చున్న రోజులు నాకు ఒక్కసారిగా గుర్తొచ్చాయి. సారమున్న నీళ్లు పక్కవాడి పొలంలోకి పోనివ్వకూడదని వాళ్ల సామెత. అవ్వ మాత్రం వాన అందం చూడడం లేదు. చేత్తో దీపం పట్టుకుని పెంకుల అంచు వెంటే చూస్తూ నడిచి, ఒకచోట ఆగి, పైకి చూపించి కోడలితో ఏదో అంది. పెంకుల మధ్య మొలిచిన గడ్డి నీటికి అడ్డుపడి, ఒక మూల గోడ మీదికి తేమ దిగుతోంది. తెల్లవారగానే కోడలు నిచ్చెన వేసుకుని ఆ గడ్డి పీకేసింది.

మిత్రమా, నీ ప్రశ్నకు నా జవాబు ఆ నిచ్చెన దగ్గరే దొరికింది. పచ్చి ఇటుకా, మట్టీ, కలపా కలిసిన ఇంటిని ప్రతి వానకూ వచ్చి చూడడం ఏ ప్రభుత్వ శాఖ వల్లా కాదు. లోపల మనిషి ఉంటేనే ఆ గడ్డి ఎవరికైనా కనిపిస్తుంది. తాళం పడ్డ ఇంట్లో అదే గడ్డి మూడు వానాకాలాలు ఉంటే దూలం పుచ్చి కప్పు కూలుతుంది. ఊరివాళ్లు ఉండాలంటే వాళ్లకు ఇంట్లో స్నానాల గది కావాలి, చలికాలంలో వెచ్చదనం కావాలి, మరమ్మతుకు చేతిలో డబ్బు ఉండాలి. పింగ్‌యావ్‌లో ఈ పని మొదలైందని తెలిసి నాకు ఎంతో సంతోషం కలిగింది. 2012 నుంచి స్థానిక ప్రభుత్వం సొంత ఇళ్లు పాత పద్ధతిలో బాగుచేసుకునేవారికి ఖర్చులో కొంత భాగం ఇస్తోంది. తోంగ్‌జీ విశ్వవిద్యాలయమూ యునెస్కో కూడా కలిసి, ఏ భాగాన్ని ఎలా మరమ్మతు చేయాలో, వంటగదీ స్నానాలగదీ ఎక్కడ పెట్టుకుంటే ఇల్లు చెడదో సామాన్యులకు అర్థమయ్యేలా ఒక మార్గదర్శిని తయారుచేశాయి. ఆ ఊళ్లో జరిగిన పనులన్నింటిలోకీ ఇదే విలువైనదని నా అభిప్రాయం. రంగుదీపాల తోరణాలకు పెట్టే డబ్బు తగ్గించి దీనికే పెంచాలని కూడా నా అభిప్రాయం.

గోడ సంగతి కూడా అంతే. బయటికి ఇటుక కనిపిస్తుంది కానీ, దాని కడుపంతా దిమ్మిస కొట్టిన మట్టి. మట్టికి నీళ్లే శత్రువు. 2004లో దక్షిణం వైపు కొంత భాగం కూలింది. 2021 అక్టోబరులో షాన్షీ అంతటా రోజుల తరబడి ఎడతెగని వానలు కురిసినప్పుడు లోపలివైపు సుమారు 25 మీటర్ల గోడ జారిపోయింది. అంత పొడి ప్రాంతంలో అలాంటి వానలు మునుపటి కంటే తరచుగా వస్తే, గోడ మీది నీటిని కిందికి దించే కాలువలను ఏడాదికొకసారి కాదు, ప్రతి వానకు ముందూ తర్వాతా చూసుకోవాలి. గోడ ఎక్కడానికీ, కొట్లూ గుళ్లూ కలిపి ఇరవై చోట్ల తిరగడానికీ ఒకే టికెట్టు ఉంది. ఆ రాబడిలో మరమ్మతుకు ఎంత వెళ్తుందో ఊరి జనానికి తెలిసేలా ద్వారం దగ్గర బోర్డు మీద రాసిపెడితే బాగుంటుందని నేను మా మిత్రుడితో అన్నాను.

వచ్చినవాళ్లను ఊరంతా పంచడం మరో పని. గోడకు నైరుతిగా ఆరు కిలోమీటర్ల దూరంలో షువాంగ్‌లిన్ గుడి ఉంది, అందులో రంగులు వేసిన మట్టి విగ్రహాలు 2,000 దాకా ఉన్నాయి. ఈశాన్యాన జెన్‌గువో గుడి ఉంది, దాని ప్రధాన మందిరం 963 నాటి కలప కట్టడం. రెండూ వారసత్వ జాబితాలో ఊరితో పాటే చేరినవి. అయినా నేను వెళ్లిన రోజున జెన్‌గువోలో మేం కాక నలుగురున్నారు. దీనికి భిన్నంగా, మూతపడ్డ డీజిలు ఇంజన్ల కర్మాగారాన్ని పడగొట్టకుండా అందులోనే 2017 నుంచి చలనచిత్రోత్సవం జరుపుతున్నారు. ఆ ప్రావిన్సుకే చెందిన దర్శకుడు జియా జాంగ్‌కె దాన్ని మొదలుపెట్టాడు. 2001 నుంచి జరుగుతున్న ఛాయాచిత్రోత్సవం దానికంటే పాతది. చూసి వెళ్లిపోయేవాళ్ల కంటే ఇలా పని మీద వచ్చి వారం ఉండేవాళ్ల వల్ల ఊరికి ఎక్కువ మేలు.

ఒక రోజంతా పూతపని చేసే ఇంట్లో కూర్చున్నాను. మన ఏటికొప్పాక బొమ్మల లక్క పురుగు నుంచి వస్తుంది కదా, వాళ్ల పూత చెట్టుకు గాటు పెడితే కారే పాలు. చెక్క మీద ఒక్కో పూత వేసి, ఆరబెట్టి, అరగదీసి, మళ్లీ పూస్తారు. చివరి మెరుపు మాత్రం అరచేతితోనే తెస్తారు. నూనె అద్ది, చేతి వేడి పుట్టేదాకా రుద్దుతారు. ఆ పనివాడి అరచేయి చూశాను, రేఖలు సగం అరిగిపోయి నున్నగా ఉంది. పెద్ద వీధిలో అమ్మే చవక పెట్టెల్లో చాలావాటికి ఈ రుద్దుడు ఉండదు. కొనేవాడికి తేడా చెప్పే మనిషి కొట్లో లేడు. నేర్చుకునే కుర్రవాళ్లు ఇద్దరే ఉన్నారనీ, ఇద్దరిదీ అదే సందనీ ఆయన అన్నాడు. ఆ సందు ఖాళీ అయితే ఆ పని ఎవరికి అప్పజెప్తాడు?

కాబట్టి నువ్వు పనిచేస్తున్న కమిటీలో కోట లోపలి ఇళ్ల సంగతి చర్చకు వచ్చినప్పుడు, ముందు ఇంటింటికీ వెళ్లి కొలిపించు. ఎవరింట్లో ఎంతమంది ఉన్నారు, వాన వస్తే నీళ్లు ఎటు పోతాయి, ఏ కట్టడానికి ఏ ఇల్లు నిజంగా ఇబ్బందో పటం మీద గుర్తు పెట్టించు. రాతిగోడకు ఆనుకుని కట్టినవి కదలాల్సి రావచ్చు, నేను కాదనను. అందరినీ ఒక్క గీతతో బయటికి నెట్టే ప్రతిపాదన వస్తే మాత్రం నువ్వు ఒప్పుకోవద్దు. సంక్రాంతికి నేను వరంగల్ వస్తాను. కొలతలకు టేపూ, కాగితాలూ నేనే తెస్తాను.

ఈ ఉత్తరంతో పాటు ఆ పూతపనివాడి దగ్గర కొన్న చిన్న పెట్టె పంపుతున్నాను. వెలుతురులో పెట్టి చూడడం తర్వాత, ముందు కళ్లు మూసుకుని మూత మీద చేయి వేసి చూడు.

ఇట్లు,
నీ నేస్తం