మొదటి పెట్టె హైదరాబాద్‌లో పెట్టకండి

సంపాదకులకు నమస్కారం.

హైదరాబాద్ మెట్రో రైల్లో మార్పిడి కోసం దాత గుండె వెళ్లిందన్న వార్త వస్తే అందరిలాగే నేనూ ఆగి చదువుతాను. 2025 జనవరిలో ఎల్బీనగర్ నుంచి లక్డీకాపూల్ దాకా 13 కిలోమీటర్లు 13 నిమిషాల్లో తీసుకెళ్లారు, మెట్రో వాళ్లకీ పోలీసులకీ దండం పెట్టాల్సిందే. కానీ అది సిటీలో ఈ మూల నుంచి ఆ మూలకి. మా శ్రీకాకుళం వైపు కథ వేరు, అందుకే దాత గుండెను దూరం మోసుకెళ్లే కొత్త రకం పెట్టెల గురించి ఈ ఉత్తరం.

పోయినేడు మా తోడల్లుడు బైక్ మీద నుంచి పడ్డాడు. నలుగురు డాక్టర్ల బృందం ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షలు చేసి బ్రెయిన్ డెడ్ అని తేల్చింది. మా మరదలు సంతకం పెట్టే ముందు ఒక్కటే అడిగింది, "గుండె ఎవరికి పెడతారండీ?" అని. కిడ్నీలు, లివర్, కళ్లు తీసుకున్నారు, గుండె తీసుకోలేదు. అక్కడ అవయవదానం పనులు చూసే కోఆర్డినేటర్ కుర్రాడు పాపం తల వంచుకుని వేళ్ల మీద లెక్క చెప్పాడు. గుండెను ఐస్‌లో పెట్టాక సుమారు నాలుగు గంటల్లో అవతలి మనిషి ఒంట్లో మళ్లీ కొట్టుకోవాలి. సరిపోయే పేషెంట్ హైదరాబాద్‌లో ఉన్నాడు. ఇక్కణ్నుంచి విశాఖ ఎయిర్‌పోర్టుకి రెండు గంటలు, ఫ్లైట్ గంట పైన, శంషాబాద్ నుంచి ఆస్పత్రికి అరగంట, ఇక కుట్టడానికే ఇంకో గంట. పైగా అప్పటికే ఆఖరి ఫ్లైట్ వెళ్లిపోయింది. కిడ్నీ రోజు దాకా ఆగుతుంది, లివర్ పది పన్నెండు గంటలు ఓర్చుకుంటుంది, గుండెకే అంత ఓపిక లేదు.

ఐస్ చేసేదల్లా గుండె ఆకలిని తగ్గించడమే. ఆకలి పూర్తిగా చావదు కాబట్టి ఆక్సిజన్ అందక కండరం లోపల్లోపల దెబ్బతింటూనే ఉంటుంది. ఇప్పుడు ఇంకో రకం పెట్టెలు వచ్చాయి. గుండెను గొట్టాలకి తగిలించి దాత రక్తాన్నే గోరువెచ్చగా తిప్పుతుంటే అది దారి పొడవునా ఆ పెట్టెలోనే కొట్టుకుంటూ వస్తుంది, ఎలా పనిచేస్తోందో డాక్టర్లు కళ్లారా చూసుకోవచ్చు కూడా. అమెరికాలో 2021లోనే దీనికి అనుమతిచ్చారు. సిడ్నీలో సెయింట్ విన్సెంట్స్ ఆస్పత్రి వాళ్లయితే 2014లోనే, లైఫ్ సపోర్ట్ తీసేశాక దాత ఒంట్లో పూర్తిగా ఆగిపోయిన గుండెల్ని ఇలాంటి పెట్టెలో మళ్లీ కొట్టుకునేలా చేసి వేరేవాళ్లకి అమర్చారు. మన దగ్గర లైఫ్ సపోర్ట్ తీసెయ్యడం చుట్టూ చట్టం చిక్కులున్నాయి, దాని జోలికి ఇప్పుడు పోను, కొట్టుకుంటున్న గుండెనే చేర్చలేకపోతుంటే ఆగిపోయినదాని మాట ఎందుకు? ఐస్, గోరువెచ్చని పెట్టె కాక మూడో పద్ధతి ఫ్రాన్స్ వాళ్లు వాడింది. 8 డిగ్రీల చల్లదనంలో గుండెను ఆపి ఉంచి, పోషక ద్రవాన్ని పంపు చేసే పెట్టెలో పెట్టి, కరీబియన్ దీవుల నుంచి సముద్రం దాటించి మామూలు ప్యాసింజర్ విమానంలో పారిస్ తెచ్చారు. దాదాపు 12 గంటలు. మాకు కావాల్సింది అందులో సగం.

మనవాళ్లకి చేతకాదంటే ఒప్పుకోను. 1994లో ఢిల్లీ ఎయిమ్స్‌లో దేశంలో మొదటిసారి గుండె మార్పిడిని విజయవంతంగా చేసిన డాక్టర్ వేణుగోపాల్ గారు రాజమండ్రి మనిషి. 2016లో గుంటూరు ప్రభుత్వాస్పత్రిలోనే డాక్టర్ గోఖలే గారి బృందం గుండె మార్పిడి చేసి చూపించింది. ఖర్చంటారా, నిజమే, మెషిన్ ధర ఒక ఎత్తు, ఒక్కో గుండెకి ఒకసారి వాడి పారేసే సెట్ ఇంకో ఎత్తు, అదే లక్షల్లో ఉంటుంది. అందుకే ఏ ఒక్క ఆస్పత్రీ సొంతంగా కొనదు, కొన్నా పక్క ఆస్పత్రికి ఇవ్వదు, ఇది అందరికీ తెలిసిన సంగతే. రెండు తెలుగు రాష్ట్రాలూ చెరొకటి, అవయవదానం చూసే తమ ప్రభుత్వ పథకం జీవన్‌దాన్ పేరు మీద కొనాలి, గుండె ఎక్కడ దొరికితే పెట్టె అక్కడికి వెళ్లాలి. దాంతోపాటు వెళ్లే మనుషులు కూడా కావాలి, బైపాస్ ఆపరేషన్లలో హార్ట్-లంగ్ మెషిన్ నడిపే పెర్ఫ్యూషనిస్టులు విశాఖలో లేరా? ఇద్దరు ముగ్గురికి ట్రైనింగ్ ఇప్పించండి. మెషిన్ వచ్చి నడిపేవాళ్లు లేక మూల పడితే మళ్లీ మీ పేపర్లోనే ఫొటో వేయాల్సొస్తుంది.

ఆంధ్రా కొనేదాన్ని విశాఖలో పెట్టండి, తెలంగాణ కొనేదాన్ని ఆదిలాబాద్ వైపో ఖమ్మం వైపో పెట్టండి. మొదటిది మాత్రం హైదరాబాద్‌లో వద్దు, అక్కడ మెట్రో ఉంది.

– ఒక పాఠకుడు, శ్రీకాకుళం జిల్లా