ఎర్ర గుచ్చనన్న చిట్టితల్లికి

చిట్టితల్లీ,

నీ ఉత్తరం అందింది. కబుర్లన్నీ చదివి నవ్వుకుంటూ వచ్చాను. చివర్లో కాగితం అంచున ఇరికించి రాసిన ముక్క దగ్గర మాత్రం ఆగిపోయాను. "నాన్నా, గాలం వేయడమంటే చేపని మోసం చేయడమే కదా?" అన్నావు.

ఈ ప్రశ్న ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలుసు. పోయిన సెలవుల్లో నిన్ను మొదటిసారి గాలానికి తీసుకెళ్ళినప్పుడు నీ అరచేతిలో ఒక ఎర్రను, అదే వానపామును పెట్టి గుచ్చమన్నాను. అది మెలికలు తిరిగింది. నీ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "దీనికి నొప్పి పుట్టదా?" అని అడిగావు. "ఎర్రకి కూడా ఏడుస్తారా, ఇటివ్వు" అని నీ చేతిలోంచి తీసుకుని నేనే గుచ్చేశాను. ఆ తర్వాత ఆ పూటంతా నువ్వు గట్టు మీద గడ్డిపోచలు తుంపుతూ కూర్చున్నావు. నాకు రెండు చేపలు పడ్డాయి. ఒక్కటైనా నువ్వు దగ్గరికొచ్చి చూడలేదు.

తప్పు నాది తల్లీ. గాలం పట్టుకున్న ప్రతివాళ్ళూ మొదటి రోజే అడగాల్సిన ప్రశ్న నువ్వడిగావు. దానికి నేను జవాబు చెప్పకుండా పని కానిచ్చాను. ఆ బాకీ ఇప్పుడు తీర్చుకుంటున్నాను. కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదువు.

ముందు నొప్పి సంగతి. వానపాము ఒంట్లో కొస నుంచి కొసదాకా నరం ఉంది. మొన తగలగానే అది తప్పించుకోవాలని పెనుగులాడుతుంది. ఆ మెలికలు నాకూ కనిపించాయి, కనిపించనట్టు ఉన్నానంతే. ఇక చేప. "చేపకు నొప్పి తెలియదురా" అని నా చిన్నప్పుడు పెద్దవాళ్ళు అనేవారు. 2003లో రెయిన్‌బో ట్రౌట్ అనే చేప మీద జరిగిన పరిశోధనలో, దాని తల మీద, మూతి చుట్టూ గాయాన్ని పసిగట్టే నరాల కొసలు ఉన్నాయని తేలింది. కాబట్టి ఆ పాత మాట నీకు నేను చెప్పను.

మోసం అన్నావు చూడు, అదీ నిజమే. చాలా పాత మోసం కూడా. జపాన్‌లోని ఒకినావా దీవిలో ఒక గుహలో నత్తగుల్లను అరగదీసి చేసిన గాలాలు దొరికాయి. అవి దాదాపు 23,000 ఏళ్ళ నాటివి. అయితే ఈ మోసంలో ఒక చిత్రం ఉంది. చేప గురించి ఏమీ తెలియనివాడు దాన్ని మోసం చేయలేడు. అది ఏం తింటుంది, ఎలా చూస్తుంది, దేన్ని వాసన పడుతుంది, దేనికి బెదురుతుంది, ఇవన్నీ తెలియాలి. ఎరల పెట్టెలో ఉన్న ప్రతి వస్తువూ ఎవరో ఒకరు నీళ్ళ పక్కన గంటలకొద్దీ కూర్చుని చేపను గమనిస్తే తయారైంది. నేను నీకు నేర్పాలనుకున్నది అసలు ఆ గమనింపు. దాన్ని వదిలేసి గుచ్చడం దగ్గర మొదలుపెట్టాను.

చేపను చూసినప్పుడు మొదట దాని మూతి చూడు. మూతి పైకి తిరిగి ఉంటే అది పైనీళ్ళలో తేలే పురుగుల్ని అందుకునే రకం. కిందికి తిరిగి, పక్కన మీసాలుంటే అడుగున బురదలో వెతుక్కుని తినేది. నోరు పెద్దదై లోపల సూదుల్లాంటి పళ్ళుంటే అది సాటి చేపల్ని వేటాడేది. ఈ మూడింటికీ ఒకే ఎర వేసి కూర్చుంటే ఆ రోజు ఎండకు నల్లబడటమే మిగులుతుంది.

మీసాల చేపలున్నాయే, వాటి గురించి వింటే నీకు సరదాగా ఉంటుంది. వాటికి రుచి తెలిసేది నోట్లో మాత్రమే కాదు. మీసాల నిండా, ఒంటి నిండా రుచిమొగ్గలే. పెద్ద చేపకైతే అవి లక్షకు పైనే. ఒళ్ళంతా నాలుకే అనుకో. చిమ్మచీకట్లో, బురదనీళ్ళలో కూడా అది ఎర దగ్గరికి తిన్నగా రాగలిగేది అందుకే. చేపకు ముక్కుపుటాలున్నది ఊపిరి కోసం కాదు, వాసన కోసమే. ఒక రంధ్రంలోంచి నీళ్ళు లోపలికొచ్చి ఇంకో రంధ్రంలోంచి పోతాయి, ఆ దారిలోనే నీళ్ళలో కరిగిన వాసన పట్టేస్తుంది. నిన్ను గట్టు మీద సబ్బుతో చేతులు కడుక్కోవద్దన్నది ఇందుకే. ఆ రోజు ఎందుకో చెప్పకుండా వద్దని మాత్రం అన్నాను.

నిజమైన ఎర అంతా ఈ వాసన, రుచి మీదే నడుస్తుంది. వానపాము, మిడత, చిన్న రొయ్య, పిండిముద్ద, ఏదైనా సరే అది నీళ్ళలో ఊరికే పడి ఉన్నా కరుగుతూ కబురు పంపుతూనే ఉంటుంది. మనం కదలకుండా కూర్చుని బెండు మునిగేదాకా చూస్తే చాలు. నీళ్ళు మురికిగా ఉన్నప్పుడు, పొద్దు వాలాక, చలికి చేపలు మందంగా ఉన్నప్పుడు నేను దీన్నే నమ్ముతాను.

మిడతల్ని పట్టాలంటే తెల్లవారుతుండగానే వెళ్ళాలి. వాటి ఒంటికి సొంత వేడి ఉండదు, ఎండ తగిలేదాకా గడ్డికి కరుచుకుని బద్ధకంగా ఉంటాయి, చేత్తో తీసుకోవచ్చు. తొమ్మిది దాటాక వెళ్ళావంటే నిన్నే గెంతిస్తాయి.

వానపాములు చర్మంతో ఊపిరి పీలుస్తాయి. చర్మం ఎండిందంటే ఊపిరాడక చచ్చిపోతాయి. అందుకని డబ్బాలో తడిమట్టి, కుళ్ళిన ఆకులు వేసి, మూతకు చిల్లులు పెట్టి నీడలో ఉంచాలి. ఎండలో డబ్బా వదిలేసి అవి ఉడికిపోయాక పారబోసేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఎన్ని కావాలో అన్నే తవ్వాలి. చిన్న చేపకు మొత్తం పాము అక్కర్లేదు, ముక్క చాలు. మిగిలినవాటిని ఎక్కడ తవ్వామో అక్కడే వదలాలి. ఇది నేను జాలితో మాత్రమే చెప్పడం లేదు. ఉత్తర అమెరికాలో మంచుయుగం నాటి హిమం కప్పేసిన ఉత్తరపు అడవుల్లో వానపాములు లేకుండా పోయాయి. బయటి నుంచి వచ్చినవి, గాలం వేసేవాళ్ళు పారబోసినవాటితో సహా, అక్కడ పెరిగి నేల మీద పరుచుకుని ఉండే ఆకుల పొరనంతా తినేశాయి. ఆ పొరను నమ్ముకున్న మొక్కలు దెబ్బతిన్నాయి. ఎరగా తెచ్చిన చిన్న చేపల్ని కూడా వేరే నీళ్ళలో వదలకూడదు. వాటితోపాటు జబ్బులు పోతాయి, అక్కడ లేని రకం పాతుకుపోతుంది.

ఇప్పుడు నీ కళ్ళు తళుక్కుమన్న పెట్టె దగ్గరికొద్దాం. ఆ రంగురంగుల లూర్లన్నీ, అంటే ఉత్తుత్తి ఎరలన్నీ, కదలకపోతే వట్టి చెక్కా రేకూ ప్లాస్టిక్కే. వాటికి ప్రాణం పోసేది మన మణికట్టు. చేప ఒంటికి రెండు వైపులా మొప్పల దగ్గర్నుంచి తోకదాకా ఒక గీత ఉంటుంది, గుర్తుందా? దాన్ని పార్శ్వ రేఖ అంటారు. నీళ్ళలో పుట్టే చిన్న అలజడి కూడా దానికి తెలుస్తుంది. ధ్వని గాలిలో సెకనుకు దాదాపు 340 మీటర్లు పోతే, నీళ్ళలో 1,500 మీటర్లు పోతుంది. నువ్వు గట్టు మీద ధనధనా నడిస్తే ఆ అదురు నీకంటే ముందే చేపకు చేరుతుంది. స్పిన్నర్ అనే రకం లూర్‌కు ఉండే చిన్న రేకు గిరగిరా తిరుగుతూ పుట్టించేది కూడా అలాంటి అదురే. చెంచా ఆకారపు లూర్ అటూ ఇటూ ఒరుగుతూ మెరుస్తుంది, దెబ్బ తిన్న చిన్నచేప పొట్ట మెరిసినట్టు. అమెరికాలో జూలియో బ్యూయెల్ అనే ఆయన 1852లో ఇలాంటి లూర్‌కు పేటెంట్ తీసుకున్నాడు. ఆయన పడవలోంచి చెంచా జారి నీళ్ళలో పడితే ఒక చేప దాని మీదికి దూకిందని కథ చెప్పుకుంటారు.

నాకు ఎక్కువ ఇష్టం ఫిన్లాండ్‌లోని లౌరీ రాపాలా కథ. ఆయన చేపలు పట్టి బతికిన మనిషి. పెద్ద చేప గుంపులోకి దూసుకొచ్చినప్పుడల్లా వందల చిన్నచేపల్లో కాస్త వంకరగా, తడబడుతూ ఈదేదాన్నే ఎంచుకోవడం ఆయన చూశాడు. ఆ తడబాటును చేత్తో తయారు చేయాలనుకున్నాడు. 1936లో చెప్పులు కుట్టేవాళ్ళు వాడే కత్తితో బెండును చెక్కి, చాక్లెట్ చుట్టిన వెండి కాగితం అంటించి, ఫొటో నెగటివ్‌లు కరిగించి పైపూత వేశాడు. ఇప్పుడు ఆ పేరుతో ప్రపంచమంతటా లూర్లున్నాయి. మన పెట్టెలో మూతి కింద చిన్న పలకున్నది ఆ జాతిదే. లాగుతుంటే ఆ పలక నీళ్ళను తోస్తుంది, లూర్ కిందికి దిగి తోక ఆడిస్తుంది. పలక పొడుగైన కొద్దీ ఎక్కువ లోతుకు పోతుంది.

నువ్వొచ్చాక నీళ్ళ దగ్గరికి వెళ్ళే ముందు ఇంట్లో నీళ్ళ తొట్టిలో వీటిని ఒక్కొక్కటీ లాగి చూద్దాం, గాలాలు విప్పేసి. ఎంత వేగానికి ప్రాణం వస్తోంది, ఎక్కడ ఆపితే తేలుతోంది, ఎక్కడ మునుగుతోంది, నువ్వే కనిపెట్టు. లాగడం ఆపిన ఆ క్షణంలోనే చేప ఎక్కువగా కొడుతుంది. పారిపోయేది ఉన్నట్టుండి ఆగితే వేటాడేది ఊరుకోదు. చలి రోజుల్లో మరీ నెమ్మదిగా లాగాలి, చేప ఒళ్ళు కూడా నీళ్ళతోపాటే చల్లబడి ఉంటుంది.

రంగుల గురించి నువ్వు గంటసేపు అడిగావు. ఎర్రటిది అందరికంటే ముందు తీశావు. నీళ్ళు ముందుగా మింగేసేది ఎరుపునే తల్లీ. తేటనీళ్ళలో కూడా పది మీటర్ల లోతుకు పోయేసరికి ఎర్ర లూర్ నల్లగానే కనిపిస్తుంది. తేటనీళ్ళలో చిన్నచేప రంగుకు దగ్గరగా ఉన్నది, మురికినీళ్ళలో బాగా నల్లటిదో బాగా మెరిసేదో, గట్టిగా అదిరేది, ఇది నా లెక్క. మిగతా రంగులు చాలావరకు కొనేవాళ్ళ కళ్ళ కోసం వేసినవని నా నమ్మకం.

అయితే లూర్ వాడితే వానపాము బతికిపోతుంది, చేపకు బాధ లేదు అనుకుంటావేమో. అక్కడే నువ్వు జాగ్రత్తగా వినాలి. వానపామును చేప నిజమైన తిండి అనుకుని గుటుక్కున మింగేస్తుంది. గాలం చాలాసార్లు గొంతులోకో కడుపులోకో పోతుంది. లూర్‌ను మింగేలోపే అది తిండి కాదని తెలిసిపోతుంది, అందుకని ఎక్కువగా పెదవికే తగులుతుంది. తిరిగి వదిలేయాలనుకున్న చేపకు లూరే మేలు. కానీ చాలా లూర్లకు మూడు కొక్కేల గాలాలు రెండేసి ఉంటాయి. ఒకటి పెదవికి తగిలితే ఇంకొకటి కంటికో మొప్పకో గుచ్చుకుంటుంది. అందుకే నేను నిన్న కూర్చుని నీ లూర్లకు అవి తీసేసి ఒంటి గాలాలు వేశాను. మొన పక్కన వెనక్కి తిరిగి ఉండే ముల్లును పటకారుతో నొక్కేశాను. దానివల్ల కొన్ని చేపలు జారిపోతాయి. పోనీ.

వానపామునే వాడిన రోజున గుండ్రంగా లోపలికి వంగిన గాలం వాడదాం. అది మూతి మూలకు పట్టుకుంటుంది. దానికి ఝాడించి లాగకూడదు, తిన్నగా చుట్టుకుంటూ పోతే చాలు. ఒకవేళ గాలం లోపలికి పోయిందంటే పీకవద్దు. మూతి దగ్గర గాలానికి కట్టిన తంగూసు దారం కత్తిరించి వదిలేయాలి, పీకిన దానికంటే అలా వదిలిన దానికి బతికే అవకాశం ఎక్కువ. పట్టుకునే ముందు చేతులు తడుపుకోవాలి. దాని ఒంటి మీది జిగురు దానికి కవచం, పొడి చెయ్యి ఆ జిగురును ఊడదీస్తుంది.

నీ ఒంటి సంగతి రెండు ముక్కలు. గాలం విసిరే ముందు ప్రతిసారీ వెనక్కి తిరిగి చూడు, కళ్ళద్దాలూ టోపీ తీయకు. ముల్లున్న గాలం వేలిలో దిగితే లాగకు, నన్ను పిలువు, డాక్టర్ దగ్గరికి వెళ్దాం.

బరువు కోసం తంగూసుకు బిగించే సీసపు గుండును పళ్ళతో నొక్కడం నా దగ్గర చూసి నేర్చుకున్నావు. అది నేను మానేశాను, నువ్వూ మానెయ్. సీసం విషం. నీళ్ళలో పడిపోయిన చిన్న గుండ్లను గులకరాళ్ళనుకుని మింగి హంసలు చచ్చిపోతున్నాయని బ్రిటన్‌లో 1987లో చాలా సైజుల సీసపు గుండ్లను నిషేధించారు. నేను తగరంవి తెచ్చాను, కాస్త లావుగా ఉంటాయి. తెగిన తంగూసు ముక్క ఒక్కటి కూడా గట్టు మీద మిగలకూడదు. పక్షుల కాళ్ళకు చుట్టుకుంటుంది, ఏళ్ళ తరబడి కుళ్ళదు. దానికోసం ఒక ఖాళీ సీసా పెట్టాను. ఆ సీసా బాధ్యత నీది.

పిల్లలున్న తల్లి చేప జోలికి మాత్రం ఏ ఎరతోనూ పోవద్దు. కొర్రమీను తన పిల్లల గుంపును కాస్తూ తిరుగుతుంది. ఆ సమయంలో దాని ముందు ఏది కదిలినా ఆకలితో కాదు, పిల్లల కోసం కొడుతుంది. పట్టడం తేలికే. నేను చిన్నప్పుడు ఒకసారి పట్టాను. ఆ పిల్లలు నీళ్ళలో అక్కడక్కడే తిరగడం చాలాసేపు కనిపించింది. ఇది ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు.

ఈసారి ఎర నువ్వే ఎంచుకో. వానపామా, లూరా, పిండిముద్దా, ఏదీ వద్దా, నీ ఇష్టం. ఏదీ వద్దంటే బెండు ఒక్కటే కట్టి నీళ్ళలో వేసి కూర్చుందాం, మూతులు పైకున్న చేపలు దాన్ని పొడిచి చూస్తాయి, చూడటానికి బాగుంటుంది. పిండిముద్ద అంటే మాత్రం ముందు రోజే చెప్పు, కలిపి తడిగుడ్డలో చుట్టి పెడతాను.

ఉంటాను మరి,
నాన్న