ఫొటో పక్కన అఫిడవిట్ ఏది?

అయ్యా,

2024 మే 13 పోలింగుకు వారం ముందు, మా నియోజకవర్గంలో నిలబడ్డ ఒక అభ్యర్థి వెబ్‌సైటును మనవరాలి చేత ఫోన్లో తెరిపించి చూశాను. తెరవగానే పెద్ద ఫొటో. పొలం గట్టున ఒక ముసలమ్మ చెయ్యి పట్టుకుని ఆయన, కింద ‘మీ ఇంటి బిడ్డ’ అన్న మాట. ఆ గట్టు మా ఊరిదే. పక్కనున్న పంట కాలువ గుర్రపుడెక్కతో పూడిపోయి, చివరి పొలాలకు నీళ్లందక రెండేళ్లయింది. ఆ ఊసు ఏ పేజీలోనూ లేదు.

నేను ముఖ్యంగా వెతికింది ఫారం 26 అఫిడవిట్. అభ్యర్థి తన కేసులు, ఆస్తులు, అప్పులు, చదువు వివరాలు ప్రమాణం చేసి రాసిచ్చేది అదే. ఆయన సైట్లో లేదు; చివరికి ఎన్నికల సంఘం సైట్లో దొరికింది. మసక స్కాను, గంటసేపు కళ్లు చికిలించి చదివాను. పెండింగు కేసులు రెండున్నాయి. ఓటరుకు ఇది చెప్పాల్సిన మాట కాదా?

అభ్యర్థుల కేసుల వివరాలు, వారినే ఎంచుకోవడానికి కారణాలు వెబ్‌సైట్లలో పెట్టాలని 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు పార్టీలను ఆదేశించింది. అభ్యర్థి సొంత ప్రచార సైటుకూ ఎన్నికల సంఘం అలాంటి నిబంధన పెట్టాలి. అఫిడవిట్ ఆ సైటు మొదటి పేజీలోనే, ఆ ఫొటో పక్కనే, తెలుగులో ఉండాలి.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, కృష్ణా జిల్లా